వకుళ చెయ్యి ఎందుకదిరింది

ఆ రోజు ఏడో తరగతిలో వకుళ భిన్నాలు చెబుతోంది. "మూడు వంతుల్లో ఒక వంతు తీసేస్తే ఎంత మిగులుతుంది?" అని అడగబోయింది. మధ్యలో కుడిచేతి వేళ్ళు వాటంతట అవే ఎగిరిపడ్డాయి. పిల్లలకి అది "ఐదు వంతుల్లో" అన్నట్టు కనిపించింది. వాళ్ళు చక్కగా ఐదులోంచి ఒకటి తీసేసి జవాబు రాశారు. వకుళ అందరిదీ తప్పని కొట్టేసింది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చివరికి ఒకమ్మాయి లేచి నిలబడి, "మీరే ఐదన్నారు టీచర్" అంది, చేతులతో.

ఆ బడిలో అందరూ చేతులతోనే మాట్లాడతారు. కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న వినికిడి లేని పిల్లల బడి అది. వకుళకీ పుట్టుకతోనే వినపడదు. ఆమెకి చేతులే నోరు. నత్తి ఉన్నవాళ్ళకి నాలుక తడబడినట్టు ఏడాదిగా ఆమెకి వేళ్ళు తడబడుతున్నాయి. మోచేతి కింద కండ ఉన్నట్టుండి గట్టున పడ్డ చేపపిల్లలా కొట్టుకుంటుంది, వేలు ఎగురుతుంది, మాట మారిపోతుంది.

ఆ పూట కిటికీ అవతల హెడ్‌మిస్ట్రెస్ నాగరత్నం గారు నిలబడి ఉన్నారు. చూసి వెళ్ళిపోయారు.

డాక్టర్లకి చూపించడం ఎప్పుడో అయింది. స్కానింగులు తీశారు, నరాల్లోకి కరెంటు పంపించి చూశారు. భయపడాల్సిన జబ్బేమీ కాదని అందరూ ఒకే మాట చెప్పారు. ఆ తర్వాత ఇచ్చిన సలహాలు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఒకాయన కాఫీ మానెయ్యమన్నాడు. ఒకావిడ అరటిపళ్ళు తినమంది. ఇంకొకాయన మనసు ప్రశాంతంగా పెట్టుకోమన్నాడు. "ఏడో తరగతికి లెక్కలు చెబుతూనా?" అని వకుళ ఫోన్‌లో టైపు చేసి చూపించింది. ఆయన నవ్వేసి మందులు రాసిచ్చాడు.

అత్తగారు మాణిక్యాంబ లెక్క వేరు. "ఆడదానికి ఎడమ అదిరితే శుభం. దీనికి కుడి అదురుతోంది. నేను ముందే చెప్పాను" అంది. ఏం ముందే చెప్పిందో ఎవరికీ గుర్తులేదు.

వకుళ అంత తేలిగ్గా బెంబేలుపడే మనిషి కాదు. వినపడనివాళ్ళ బాడ్మింటన్ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడింది. ఆ ఆటల్లోనే చక్రధర్ పరిచయమయ్యాడు. అతనికి బాగానే వినపడుతుంది. ఈమెతో మాట్లాడాలని పట్టుబట్టి సైగల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఇప్పుడు పోర్టులో సరుకుల క్లియరింగ్ ఏజెంటు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఆ ఇంట్లో సైగలు పూర్తిగా వచ్చినవాడు ఇప్పటికీ అతనొక్కడే. మిగతావాళ్ళకి అన్నం, నీళ్ళు, రా, పో వచ్చు. అంతకు మించి కావలసి వస్తే చక్రధర్ ఉన్నాడుగా.

*

చక్రధర్ అక్క ఇందుమతి నరాల మీద పరిశోధన చేస్తుంది. పైవాటాలో ఒక్కతే ఉంటుంది, ఆదివారం మాత్రం కిందికొచ్చి అందరితో కలిసి భోంచేస్తుంది. ఆమె ప్రయోగశాలలో నువ్వుగింజంత పరికరం తయారైంది. సూదితో చర్మం కింద పెడితే చాలు, నరం కండకి పంపే ప్రతి కబురూ దానికి వినపడుతుంది. దాన్ని వాళ్ళు గింజ అనే పిలుస్తారు. గింజలు పంపిన కబుర్లన్నిటినీ పోల్చి చూసి, అదురు వెనక ఏముందో వెతికే ప్రోగ్రాంకి ఆరా అని పేరు పెట్టారు. రాసినవాడు రూబెన్ అనే కుర్ర ఇంజనీరు.

"నీ చెయ్యి ఎందుకు అదురుతోందో నేను పట్టుకుంటాను" అని ఇందుమతి ఫోన్‌లో టైపు చేసి మరదలికి చూపించింది. "మనుషుల మీద ఇదే మొదటిసారి. నీకు ఇష్టమైతేనే."

వకుళ జాకెట్టు చెయ్యి పైకి మడిచి చెయ్యి చాపింది.

గింజలు పెట్టడానికి పెద్దసేపు పట్టలేదు. చీర భుజానికి గుచ్చుకునే బొత్తాం కెమెరా కూడా ఇచ్చారు. వకుళ ఎక్కడుంది, ఏం తింటోంది, చుట్టూ ఎంత వెలుగు, ఎంత చలి, ఎంత చప్పుడు, అన్నీ ఆరాకి తెలియాలి. దేని తర్వాత అదురు వస్తోందో అది తేలుస్తుంది. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. కెమెరాలో పడతానని మాణిక్యాంబ మొదటి ఆదివారం పట్టుచీర కట్టుకుంది.

అంతకన్నా ముందు ఆరాకి వకుళ సైగలు నేర్పాల్సి వచ్చింది. ఏది మాటో ఏది అదురో తేడా తెలియకపోతే అది రెండిటినీ కలిపేస్తుంది. రోజూ పొద్దున్నే బడికి వెళ్ళేముందు వకుళ ప్రయోగశాలలో కూచుని, తనకొచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే చేసి చూపించింది. కోపానికే ఎన్ని రకాలో! చిరాకు ఒకటి, అలక ఒకటి, లోపల్లోపల రగిలే కోపం ఇంకొకటి. ఇందుమతి నోరు తెరుచుకుని చూసింది.

"ఇన్ని మాటలున్నాయా నీ దగ్గర?" అని టైపు చేసింది.

"ఇవి పొద్దుటివే. సాయంత్రానికి ఇంకా ఉన్నాయి" అని టైపు చేసింది వకుళ.

*

మొదట కాఫీని పట్టుకున్నారు. మానేసినా అదురు తగ్గలేదు, మళ్ళీ తాగినా పెరగలేదు. కాఫీ బతికిపోయింది. నిద్ర, చలి, ఉప్పు, ఎండ, నెలసరి, బడిలో నల్లబల్ల మీద రాయడం, అన్నిటినీ ఆరా వరసగా వదిలేసింది. ఒక్క సంగతి మాత్రం ప్రతి వారం తేటగా కనపడింది. అదురు ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి కొండలా లేస్తోంది. సోమ, మంగళవారాల్లో బడిలో అక్కడక్కడా వస్తోంది. శనివారానికి దాదాపు సద్దుమణుగుతోంది.

"ఆదివారం వంటలో ఏదో ఉంది" అన్నాడు రూబెన్.

మొదటి వారం గోంగూర ఆపేశారు. తర్వాత వంకాయ. ఆ తర్వాత రొయ్యలు. రొయ్యల మాట వినగానే మాణిక్యాంబ గరిటె కింద పెట్టేసింది.

"నా చేతి వంటకి నరాలు అదురుతాయా? మీ నాన్న నలభయ్యేళ్ళు తిన్నారు. ఆయనకేం అదిరింది?"

"ప్రయోగం కదమ్మా" అంది ఇందుమతి.

"నీ ప్రయోగం నీ ఆఫీసులో పెట్టుకో, నా పొయ్యి మీద కాదు."

చక్రధర్ నవ్వాడు, ఇందుమతీ నవ్వింది. వకుళ తలెత్తి భర్త వైపు చూసింది. ఏమిటన్నట్టు కనుబొమలెగరేసింది. చక్రధర్ ముద్ద కలుపుతున్న చెయ్యి కాకుండా రెండో చెయ్యి లేపి, "తర్వాత చెప్తాను" అన్నాడు.

ఆ వారం టేబుల్ మీద ఉత్త పప్పూ అన్నమే. అదురు ఏమాత్రం తగ్గలేదు.

అప్పుడు ఇందుమతి తిరగేసి ఆలోచించింది. ఆదివారం వంటంతా, గోంగూర, వంకాయ, రొయ్యలతో సహా, కారియరులో సర్దించి ప్రయోగశాలకి తెప్పించింది. సోమవారం మధ్యాహ్నం బడికి సెలవు పెట్టి వకుళ ఒక్కతే కూచుని అదంతా ఇష్టంగా తింది. తెర మీద గీత కదలకుండా పడుకుంది. ఒక్క అదురు కూడా లేదు.

తప్పు వంటది కాదు. మరి దేనిది?

*

రెండు రోజుల తర్వాత రూబెన్ ఇబ్బందిగా వచ్చాడు. "మేడమ్, ఆరాలో ఏదో పొరపాటుంది. అదురుల్ని మాటలనుకుంటోంది."

"ఎన్నిటిని?"

"బడిలోవి పెద్దగా లేవు. ఆదివారంవైతే దాదాపు అన్నీ."

అతను తెర మీద రెండు గీతలు పక్కపక్కన పెట్టాడు. "ఇది వకుళగారు మన దగ్గర 'ఎందుకు' అనే సైగ చేసినప్పటిది. ఇది మొన్న ఆదివారం పప్పన్నం తింటూ చెయ్యి అదిరినప్పటిది."

ఇందుమతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. రెండోది చాలా చిన్నది, కానీ మలుపులన్నీ అవే. పెద్ద కొండనీ దాని బొమ్మనీ పక్కపక్కన పెట్టినట్టున్నాయి.

"ఇది అదురు కాదు" అంది మెల్లగా. "చెయ్యి మాట్లాడబోయి ఆగిపోతోంది."

రూబెన్ ఒక మీట నొక్కాడు. ఆరా తను మాటలనుకున్నవాటిని వరసగా తెర మీద రాయడం మొదలుపెట్టింది.

ఎందుకు నవ్వుతున్నారు.

అత్తయ్యకి కోపం ఎందుకు.

ఎవరు చనిపోయారు.

నా పేరన్నారు. ఏంటి.

ఇందుమతి చెయ్యి చాపి తెర ఆపేసింది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకోలేదు.

"ఇంకా చాలా ఉన్నాయి మేడమ్."

"ఉండనీ. అవి మనవి కావు."

కెమెరా బొమ్మల్ని మాత్రం చూశారు. ఆదివారం ప్రతి అదురుకీ ముందు ఏం జరిగిందని ఆరాని అడిగితే ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ తీసింది. చక్రధర్ చెయ్యి లేస్తోంది, అరచెయ్యి తిరుగుతోంది. తర్వాత చెప్తాను. ఆ సైగ అయిన మరుక్షణమే వకుళ చేతిలో అదురు. ఆ వారం, ముందు వారం, ఆ పై వారం.

ఆ సైగ ఇందుమతికి తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నేర్పకుండానే వచ్చేసిన సైగ అది.

*

మర్నాడు బడి అయ్యాక వకుళ వచ్చింది. ఇందుమతి ఏదీ దాచకుండా టైపు చేసి చెప్పింది. అంతా చదివాక వకుళ ముందు నవ్వింది.

"పాపం, అత్తయ్య రొయ్యల్ని అనవసరంగా అనుమానించాం."

తర్వాత ఆమె మొహంలో నవ్వు పోయింది. "నా చేతిలోవి మీరెన్ని చదివారు?" అని టైపు చేసింది.

ఇందుమతి నాలుగు వేళ్ళు చూపించింది. ఆ నాలుగు వాక్యాలనీ తెర మీదికి తెచ్చింది. వకుళ వాటిని నిలబడే చదివింది.

"చెప్పకూడదనుకుని ఆపుకున్న మాటలు ఇవి. నా నోట్లో వేలు పెట్టి బయటికి లాగినట్టుంది."

"తెలియక జరిగింది వకుళా. తెలియగానే ఆపేశాను."

"ఆపారు కాబట్టే ఇంకా ఇక్కడ నిలబడ్డాను వదినా. మిగతావి నేను చదువుతాను. మీరిద్దరూ బయటికెళ్ళండి." కాస్త ఆగి మళ్ళీ టైపు చేసింది. "ఆ భోజనాల దగ్గర వాళ్ళేం మాట్లాడుకున్నారో కూడా రికార్డయిందా?"

చప్పుడు కూడా అనుమానితుల్లో ఒకటే కాబట్టి అయింది. దాన్ని రాతలోకి మార్చి పక్కన పెట్టమంది వకుళ. రూబెన్ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

తన అత్తింట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో వకుళ మొదటిసారి పూర్తిగా చదివింది. ఒక పక్క వాళ్ళ మాటలు, ఇంకో పక్క తన చెయ్యి అనబోయి ఆగినవి. చాలావరకు ఏమీ లేవు. చేపల ధరలు, పక్కింటివాళ్ళ గోడ, ఎవరి పెళ్ళికి ఎవరు వెళ్ళాలి. ఇంతేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. తన వైపు చూస్తే తనే మరిచిపోయినవి ఎన్నో ఉన్నాయి. "ఆ పెళ్ళికి నేనూ వస్తాను." "పక్కింటాయనదే తప్పు." ఒక ఆదివారం, మాణిక్యాంబ పట్టుచీర కట్టుకున్న రోజు, "అత్తయ్యకి ఈ రంగు బావుంది" అని ఉంది. ఎందుకు ఆపుకుందో గుర్తురాలేదు. చెప్పమంటే చక్రధర్ చెప్పేవాడే. కానీ చీర బావుందనడానికి కూడా మధ్యలో మనిషెందుకని ఊరుకుని ఉంటుంది.

ఒక చోట చెయ్యి ఆగకుండా అదిరింది. ఎదురుగా, ఇందుమతి ఇంకా కిందికి దిగకముందు తల్లీకొడుకులు అనుకున్న మాటలు చదివింది.

"హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారమ్మా. జూన్ నుంచి వకుళని క్లాసులు మాన్పించి ఆఫీసు పనిలో పెడతారట. నేను సరేనన్నాను."

"మంచి పని చేశావు. పిల్లల ముందు నగుబాటు కాకుండా ఉంటుంది. దానికి చెప్పావా?"

"తర్వాత చెప్తాను."

రెండో పక్క, ఆ మాటలకి ఎదురుగా: నా పేరు. ఏంటి. నా పేరు. ఏంటి. ఏంటి.

*

సాయంత్రం ఆమె చక్రధర్‌ని బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళింది. చేపల పడవలు ఒడ్డుకొస్తున్నాయి. ఇసుక మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. చేతులతో మాట్లాడేవాళ్ళు పక్కపక్కన కూచుంటే కుదరదు.

ఆ పేజీ ఫోన్‌లో తెచ్చి అతని చేతికిచ్చింది. చక్రధర్ చదివాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నువ్వు బాధపడతావని..."

"బాధపడేదాన్ని. తర్వాత పోట్లాడేదాన్ని. ఆ రెండూ నావే కదా. నువ్వెందుకు తీసుకున్నావు?"

"మంచి సమయం చూసి చెబుదామనుకున్నాను వకుళా."

"తర్వాత చెప్తానన్నవాటిలో నువ్వు ఎన్ని చెప్పావు?"

చక్రధర్ అబద్ధమాడే మనిషి కాదు. "గుర్తుంటే కదా చెప్పడానికి" అన్నాడు. వెంటనే రోషంగా, "నీకోసం ఒక భాష మొత్తం నేర్చుకున్నాను నేను" అన్నాడు.

"నేర్చుకున్నావు. ఇంటికి మాత్రం తీసుకురాలేదు. అమ్మకి నేర్పలేదు, అక్కకి నేర్పలేదు. నాకూ ఆ ఇంటికీ మధ్య ఉన్న ఒకే ఒక్క తలుపు నువ్వు. నీకు ఆకలేస్తే తలుపు మూసుకుపోతుంది."

చక్రధర్ కళ్ళు తడయ్యాయి.

"రేపు నాగరత్నం గారి దగ్గరికి వెళ్దాం. నేను మాట్లాడతాను."

"నువ్వెందుకు? ఉద్యోగం నాది" అంది వకుళ.

మర్నాడు ఒక్కతే వెళ్ళింది. చెప్పదలచుకున్నది ముందే కాగితం మీద రాసుకుని, హెడ్‌మిస్ట్రెస్ ఎదురుగా కూచుని ఇచ్చింది. నా చేతికి వచ్చినదేమిటో ఇప్పుడు తెలిసింది, బాగు చేసుకుంటున్నాను, అర్ధ సంవత్సరం పరీక్షల దాకా క్లాసు నాకే ఉంచండి, నా గురించి మాట్లాడాలంటే నాతోనే మాట్లాడండి. నాగరత్నం గారు రెండుసార్లు చదివారు. ఆవిడకి సైగలు బాగా వచ్చు. అయినా ఇంటికి ఫోన్ చేసింది మొగుడికి! ఆ సంగతి ఆవిడకీ తట్టినట్టుంది.

"పొరపాటైంది. పరీక్షల దాకా చూద్దాం" అన్నారు, తన చేతులతో.

*

ప్రయోగశాలకి సొమ్ము సమకూరుస్తున్న కంపెనీ తరఫున భరద్వాజ అనే ఆయన బెంగుళూరు నుంచి వచ్చాడు. రూబెన్ ఉత్సాహం ఆపుకోలేక ఆయనకి సంగతి చెప్పేశాడు. ఆయన కుర్చీలో నిలకడగా కూచోలేకపోయాడు.

"మీరు అదురుకి కారణం వెతుకుతూ ఎక్కడికి వచ్చారో మీకు తెలుస్తోందా మేడమ్? ఆపుకున్న మాట! వినపడేవాళ్ళకి గొంతులోనూ నాలుకలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ గింజలు పెడితే చాలు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళు మళ్ళీ మాట్లాడతారు."

"అది మంచిదే" అంది ఇందుమతి. "అది తప్పకుండా చేద్దాం."

"దాంతో ఆగడమెందుకు? పోలీసు విచారణలున్నాయి. ఉద్యోగాల ఇంటర్వ్యూలున్నాయి. మనిషి ఏం దాస్తున్నాడో తెలుసుకోవాలని ఎవరికుండదు?" ఆయన పక్కనే కూచున్న వకుళ వైపు తిరిగి, మాట స్పష్టంగా కనపడేలా నెమ్మదిగా అన్నాడు. "మీ రికార్డులు మాకు కావాలమ్మా. మీ సంతకం చాలు."

అంత నెమ్మదిగా అన్నాడు కాబట్టి వకుళ ఆయన పెదాలు చదవగలిగింది. టైపు చేసి ఫోన్ ఆయన ముందుకు జరిపింది.

"ఇస్తాను. ముందు మీ గొంతులో గింజలు పెట్టించుకోండి. మన మాటలయ్యేదాకా మీరు ఆపుకున్నవన్నీ ఆ తెర మీద పడాలి. ఇక్కడున్న అందరం చదువుతాం."

భరద్వాజ పెద్దగా నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన నవ్వూ ఆగిపోయింది. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే కాలరు దగ్గరికి పోయింది.

"అది పద్ధతి కాదు కదమ్మా."

"కాదు" అని టైపు చేసింది వకుళ.

కంపెనీ ఆ నెలాఖరుకి తప్పుకుంది. ఇందుమతికి సగం పరికరాలు తిరిగిచ్చెయ్యాల్సి వచ్చింది. పక్షవాతం రోగుల పని వెనకపడింది. ఆ రోగుల్లో ఒకాయన కూతురు రోజూ ఫోన్ చేసి ఎప్పుడు మొదలుపెడతారని అడిగేది. ఆ ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఇందుమతి మధ్యాహ్నం భోజనం మానేసేది. రూబెన్ కూడా కంపెనీలో చేరిపోయాడు.

"మీరు ఆపినా ఎవరో ఒకళ్ళు చేస్తారు మేడమ్" అన్నాడు వెళ్తూ.

"చెయ్యనీ. మన చేతుల మీదుగా వద్దు."

ఆమె ఆరాని మొదట్నుంచీ తిరగరాసింది. ఇప్పుడది అదురు ఎప్పుడు వచ్చిందో, దేని తర్వాత వచ్చిందో మాత్రం చెబుతుంది. మాటల్ని మాత్రం గింజలున్న మనిషి స్వయంగా తెరిస్తే తప్ప తెరవదు. ఆ తాళం ఎలా ఉండాలో ఇద్దరూ కూచుని ఆలోచించారు. ఆ పనిలో ఉండగానే ఇందుమతి టైపు చెయ్యడం తగ్గించి చేతులు వాడటం మొదలుపెట్టింది.

*

కారణం తెలిసినంత మాత్రాన అదురు పోలేదు. ఏళ్ళ తరబడి ఆపుకుని ఆపుకుని నరానికి అదే అలవాటైపోయింది. ఆదివారం ఆపిన మాట సోమవారం బడిలో బయటపడుతోంది. దానికి మందు ప్రయోగశాలలో లేదని వకుళకి అర్థమైంది.

ఆదివారం భోజనాల దగ్గర నోటితో మాట్లాడకూడదని ఆమె షరతు పెట్టింది. చక్రధర్ ఆ మాట తల్లికి చెప్పాడు. మాణిక్యాంబ ఎందుకని అడిగింది. చక్రధర్ ఈసారి మొత్తం చెప్పాడు, ఆఫీసు పని సంగతి వకుళ ఎలా తెలుసుకుందో దాంతో సహా. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంతా వింది.

మొదటి ఆదివారం ఎవరికీ మాటలు రాలేదు. అన్నం, నీళ్ళు, అన్నం, నీళ్ళు. వకుళ చెయ్యి ఒక్కసారి కూడా అదరలేదని ఇందుమతి సంబరంగా చెప్పింది.

"ఎవరూ ఏమీ అనకపోతే నేను ఆపుకోడానికేముంది?" అంది వకుళ. "మౌనవ్రతం వైద్యం కాదు వదినా." మరుసటి వారం నుంచి భోజనానికి ముందు గంటసేపు తనే పాఠం చెప్పింది. కూతురు తప్పు చేస్తే మాణిక్యాంబ నవ్వేది. తను తప్పు చేస్తే వేళ్ళ నొప్పులనేది. అయినా మానలేదు. వర్షాకాలం పోయి చలి వచ్చేసరికి చేపల ధరలు చేతులతో చెప్పడం వచ్చేసింది. పక్కింటి గోడ గురించి మాత్రం మాటలు చాలక కొన్నాళ్ళు ఇబ్బంది పడింది.

బడిలో అదురు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు వకుళ చెయ్యి దించి, ఒక్క ఊపిరి తీసుకుని, మాట మళ్ళీ మొదలుపెడుతుంది. పిల్లలు ఆగుతారు. అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో ఎవరూ తప్పలేదు. క్లాసు ఆమెకే ఉండిపోయింది.

వేసవి వస్తుండగా కర్నూలు నుంచి పిలుపు వచ్చింది. అక్కడి వినికిడి లేని పిల్లల బడిలో ఇద్దరు టీచర్లకి ఇలాగే వేళ్ళు ఎగురుతున్నాయట. గింజలు పెట్టాక వాళ్ళతో కూచుని సంగతి విప్పాలంటే ఆ బాధ తెలిసిన మనిషే కావాలి. సెలవులంతా అక్కడే ఉండాలి. ఆదివారం రొయ్యల ఇగురు వడ్డించుకుంటూ వకుళ ఆ మాట చెప్పింది.

మాణిక్యాంబ చెయ్యి కడుక్కొచ్చి మరీ జవాబిచ్చింది. "ఊరగాయలు పెట్టే రోజుల్లోనా? నేనొక్కదాన్నీ ముక్కలు కొట్టుకోవాలా?"

"మీ అబ్బాయి కొడతాడు."

"వాడికి కత్తి పట్టుకోవడం రాదు."

"సైగలొక్కటే వస్తే సరిపోతుందా? నేర్పండి."

"నేను చెబుతూనే ఉన్నాను, నువ్వు వినవు. నువ్వు..." మాణిక్యాంబ 'మొండి' అనబోయి వేళ్ళు కాస్త అటుగా తిప్పింది.

వకుళ కళ్ళు పెద్దవయ్యాయి. "నేను గేదెనా?"

"మొండి! మొండి అన్నాను!"

"గేదె అన్నారు. అందరూ చూశారు."

"అన్నాననుకో. అయితే ఏంటి?"

చక్రధర్ మధ్యలోకి రాబోయాడు. అత్తా కోడలూ ఇద్దరూ ఒకేసారి, నీ అన్నం నువ్వు తిను అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ నేరుగా పోట్లాడుకోవడం అదే మొదలు. రెండు జతల చేతులు టేబుల్ మీద ఒకదాని మీదికొకటి లేస్తున్నాయి. మంచినీళ్ళ గ్లాసు దొర్లిపోయింది. ఎవరూ వెనక్కి తగ్గలేదు. వకుళ కుడి చెయ్యి ఎలా ఉందో చూడాలని ఇందుమతికి అనిపించింది. ఫోన్‌లో ఆరా తెరవబోయి, మానేసి, రొయ్యలు చల్లారిపోతున్నాయని అన్నం కలుపుకుంది.

మే నెల మొదట్లో వకుళ కర్నూలు వెళ్ళింది. ఊరగాయ ఆమె లేకుండానే పెట్టారు. ముక్కలు చక్రధరే కొట్టాడు. ఉప్పెక్కువైంది. ఆ సంగతి మాణిక్యాంబే వీడియో కాల్ చేసి చెప్పింది. ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, తప్పు ఎవరిదో కూడా వివరంగా చెప్పింది.